కల్లెడ నుంచి పారిస్‌కు

వరంగల్ జిల్లా, పర్వతగిరి మండలంలోని కల్లెడలో పుట్టింది జీవంజి దీప్తి. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం. ఊళ్లో వెక్కిరింతలు తప్పలేదు. అమ్మానాన్నలది కూలి బతుకు. ఇల్లు గడవక ఉన్న కాస్త పొలమూ అమ్ముకున్నారు.

పరుగులో మాత్రం ఆ పిల్ల ఎవరికీ తీసిపోలేదు. కోచ్ నాగపురి రమేష్ దగ్గర సాధన చేసింది. 400 మీటర్లంటే మైదానం చుట్టూ ఒక్క చుట్టు. వినడానికి సులువే, ఆఖరి వంద మీటర్లలో కాళ్లు సీసపు గుండ్లైపోతాయి! హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో బంగారం గెలిచాక, అమ్మిన భూమిని ఆ కుటుంబం మళ్లీ కొనుక్కుంది. నాకు పతకం కన్నా ఆ పొలమే ఎక్కువ అనిపిస్తుంది.

2024 మేలో, జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లు. ప్రపంచ రికార్డు! పాత రికార్డుకన్నా సెకనులో వందో వంతులు ఐదే తక్కువ. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌కు వెళ్లేసరికి పోటీ ఇంకా ముదిరింది. టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ హీట్స్‌లోనే ఆ రికార్డును దాటేసింది. మర్నాడు ఫైనల్లో దీప్తి 55.82 సెకన్లలో గీత దాటి కాంస్యం అందుకుంది. అప్పటికామెకు ఇరవై ఏళ్లు.