పొయ్యి రాజేయని పలహారము

పండుగనాడు మనుమలును మనుమరాండ్రును వంటయింట గుమిగూడుదురు. కాగు నూనె చెంత వారిని నిలువనిచ్చుటకు తల్లులకు భయము. పొయ్యితో పనిలేని పలహార మొకటి కలదు. దానిని బిడ్డలచేతనే చేయింపవచ్చును.

మనకు బొరుగులు, కుప్పము సరిహద్దున తమిళులకు పొరి, కన్నడిగులకు పురి. నాలుగు దోసిళ్ల బొరుగులకు గుప్పెడు పుట్నాలు, ఒక ఎఱ్ఱగడ్డ, పుంగనూరు తోటల మామిడికాయ తురుము, కొత్తిమీర, ఉప్పు, రెండు టమోటాలు చాలును. ఎఱుపు, పసుపు, పచ్చ కలిసి కన్నులకే విందగును. మదనపల్లె అంగడిలో ధర పడినప్పుడు రైతులు టమోటాలను బాటప్రక్కన పారబోసిన దినములు మన మెరుగుదుము. రెండు పండ్లతో వారి కష్టము తీరదు. అయినను రంగు మిఠాయికంటె నా పండే మేలని నా తలంపు.

కత్తిపీట పెద్దల పని. చేతులు కడిగించి, కొత్తిమీర త్రుంచుట, కలుపుట బిడ్డలకు విడువుడు. పచ్చిమిరప వలదు, ఆ చేతులతోనే కన్నులు నులుముకొందురు.

ముఖ్యముగ నొక మాట. ఐదేండ్లు నిండని బిడ్డకు వేరుశనగ పలుకులు గాని పుట్నాలు గాని పెట్టరాదు. అవి ఊపిరిగొట్టమున జిక్కినచో ప్రాణాపాయము; పొడిచేసి చల్లుడు.

టమోటా గింజలను, రసమును ముందే తీసివేయుడు. లేనిచో బొరుగులు మెత్తబడును. నిమ్మకాయ మాత్రము అందరును ఆకులముందు కూర్చుండిన పిదపనే పిండింపుడు.