ఎకరం లెక్క, ఏటి లెక్క



ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ ఇంజనీర్లారా, మీలో చాలామంది రేపో మాపో నీటిపారుదల శాఖలోనో, ప్రాజెక్టు నివేదికలు తయారుచేసే కార్యాలయంలోనో చేరతారు. అక్కడ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న: ఈ ఆయకట్టుకు ఎన్ని టీఎంసీలు కావాలి? దీనికి మనకో వాడుక లెక్క ఉంది, టీఎంసీకి పదివేల ఎకరాలని. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పదివేల ఎకరాలకు పంచితే పైరు కాలమంతటికీ 70 సెంటీమీటర్ల నీరు. ఆరుతడి పైర్లకు సరిపోవచ్చు. మరి వరికో?

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వరి అనుకోండి. దమ్ముకు 200 మిల్లీమీటర్లు. వంద రోజుల్లో ఆవిరయ్యేది రోజుకు 5 చొప్పున 500. రేగడి మడిలో ఇంకేది రోజుకు 3 చొప్పున 300. వెరసి ఒక మీటరు. యాసంగిలో వాన మీద ఆశ పెట్టుకోలేం. కాలువల్లో నూటికి 30 పాళ్లు పోతాయనుకుంటే జలాశయం నుంచి వదలాల్సింది సుమారు 1,430 మిల్లీమీటర్లు. అంటే టీఎంసీకి పారేది 4,900 ఎకరాలు. ఇప్పుడు రేగడికి బదులు చల్క నేల అనుకుని, ఇంకుడు 3ను 6 చేయండి. మిగతావేవీ ముట్టుకోవద్దు. 3,800 ఎకరాలకు దిగుతుంది. మీరు దిద్దింది ఒక్క అంకె. నీరందక ఆగింది 1,100 ఎకరాల నాటు.

ఆవిరి లెక్కకు పెన్‌మన్-మాంటీత్ సూత్రం ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏవో) 1998లో వెలువరించిన 56వ పత్రంలో పైరు గుణకాలున్నాయి; వరి నిండుగా ఉన్న దశకు 1.20. కంప్యూటరు క్షణంలో లెక్క చేసిపెడుతుంది. ఆ పొలంలో నిజంగా ఏం వేశారో మాత్రం మీరే వెళ్లి చూడాలి. సాగర్ ఆయకట్టులో ఎక్కడ తరి, ఎక్కడ ఆరుతడి అన్నది ముందే గీత గీశారు. కాగితం మీద ఆరుతడి అని ఉన్న చోట, కాలువ ఎగువన వరి నాట్లు పడతాయి. ఆ రైతును తప్పుపట్టి లాభం లేదు. పక్కనే నీళ్లు పారుతూ, పండిన వడ్లు కొనేవాళ్లు ఉంటే ఎవరైనా వరే వేస్తారు. కానీ మీ లెక్క ఆరుతడి దగ్గరే ఆగిపోతే ఆ తేడా భరించేది చివరి ఆయకట్టు రైతు. ఏడాది మొత్తానికి టీఎంసీలు సరిపోయాయని మీ నివేదిక చెప్పవచ్చు. పైరు పొట్ట మీద ఉన్న పది రోజులూ తడి అందకపోతే అతనికి మిగిలేది తాలే.

ఇక ఎకరం నుంచి ఏటికి వచ్చేసరికి లెక్క తీరే మారుతుంది. మడిలో ఇంకిన నీరంతా పోయినట్టు కాదు. కొంత దిగువ బావుల్లో ఊరుతుంది, కొంత వాగుల్లో కలిసి మళ్లీ ఏట్లో పడుతుంది. బచావత్ ట్రిబ్యునల్ దీన్ని గుర్తించింది. కృష్ణలో నూటికి 75 ఏళ్లు నమ్మదగ్గ నీరు 2,060 టీఎంసీలని తేల్చి, తిరిగి చేరే నీరు 70 టీఎంసీలు కలిపి మొత్తం 2,130 టీఎంసీలను మూడు రాష్ట్రాలకు పంచింది. అందుకే కాలువకు లైనింగు వేయగానే ఆగిన ఇంకుడంతా మిగులని రాసుకోకండి. ఎవరి బావి అడుగంటుతుందో కూడా చూడండి.

మీకు నేను చెప్పదలచింది ఇదే: నీటి అవసరం లెక్క అంటే, నీరు తక్కువైన ఏడు ఎవరి పొలం ఎండాలో ముందే నిర్ణయించడం. కాబట్టి అంకె పక్కనే దాని ఆధారాలు రాయండి. ఏ పైరు, ఏ నేల, ఎంత ఇంకుడు, కాలువలో ఎంత నష్టం అనుకున్నారో చదివేవాడికి తెలియాలి. పహాణీలో పైరు చూశాక పొలంలో పైరూ చూడండి. చివరి తూము దగ్గరి లష్కరును అడగండి. ఏ వారం నీళ్లు రాలేదో అతనికి తెలిసినంతగా ఏ పట్టికకూ తెలియదు. ఒక్కోసారి అంకె పైనుంచి ముందే వస్తుంది, దానికి లెక్క అల్లమంటారు. అప్పుడు వాదనకు దిగనక్కర్లేదు. ఆ అంకె నిజం కావాలంటే ఎన్ని ఎకరాల్లో వరి మానాలో లెక్కగట్టి, కాగితం మీద పెట్టి, సంతకం చేసి ఇవ్వండి. నిర్ణయం వాళ్లదే కావచ్చు, లెక్కకు పూచీ మాత్రం మీదే.