ఆధారపడటంలోని బాధ్యత

 

1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టులో మొదట మాడ్యూళ్లు లేవు. మాడ్యూలంటే తనకు ఏవి కావాలో, తాను బయటికి ఏమిస్తుందో స్వయంగా ప్రకటించే కోడు భాగం. అది లేనందున పేజీలోని స్క్రిప్టులన్నీ ఒకే గ్లోబల్ పరిధిని పంచుకునేవి, ఒక ఫైలు పెట్టిన పేరును మరొక ఫైలు తెలియకుండానే చెరిపివేసేది, ఏది ముందో ఏది వెనుకో ప్రోగ్రామరే గుర్తుంచుకోవలసి వచ్చేది. మాడ్యూళ్లు లేని ఆ రోజుల్లోనే ఇంగ్లీషు కీబోర్డుతో ఎందరి చేతనో తెలుగు రాయించిన వీవెన్ గారి 'లేఖిని', లిపి మార్పిడి కోసం నాగార్జున వెన్నా గారి 'పద్మ' కోడును ఆధారం చేసుకుంది. ఒక ప్రోగ్రాము ఇలా మరొకరి కోడుపై ఆనుకోవడాన్నే డిపెండెన్సీ అంటారు. చేసిందే మళ్లీ చేయకుండా, ఉన్నదానిపై కొత్తది నిర్మించే వివేకం అందులో ఉంది.

2015 నాటి ప్రమాణంతో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అనే మాటలు భాషలోకి వచ్చాక ఈ సంబంధాలను కోడులోనే రాసి చూపడం సాధ్యమైంది. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు మేజరు కాలువ నుంచి మైనరు కాలువకు, అక్కడి నుంచి తూము ద్వారా చేనికి పారినట్లు, మాడ్యూళ్ల మధ్య ఆధారం కూడా ఒకే దిశలో సాగాలి. తేదీలను లెక్కించే మాడ్యూలును తెరపై చూపే మాడ్యూలు పిలవవచ్చు గాని, లెక్కించేది తిరిగి చూపేదాన్ని పిలిస్తే వలయం ఏర్పడి, విలువ సిద్ధం కాకముందే దాన్ని అడిగే దోషం తలెత్తవచ్చు.

ఇతరులు రాసి పంచే కోడు మూటలైన బయటి ప్యాకేజీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2016 మార్చిలో పేరు గురించిన వివాదం వల్ల ఒక రచయిత తన ప్యాకేజీలను, జావాస్క్రిప్టు ప్యాకేజీలను పంచే ఎన్‌పీఎమ్ భాండాగారం నుంచి తొలగించగా, వాటిలో అక్షరాల వరుసకు ఎడమవైపు ఖాళీలు చేర్చే 11 పంక్తుల 'లెఫ్ట్-ప్యాడ్' కూడా పోయి, దాని పేరైనా వినని ఎన్నో ప్రాజెక్టుల నిర్మాణం ఆగిపోయింది. ఎందుకంటే అవి నేరుగా కోరిన ప్యాకేజీల వెనుక అది దాగి ఉంది. ప్యాకేజీ పట్టికలో వెర్షను ముందు క్యారెట్ (^) గుర్తుతో 4.17.0 అని రాస్తే, 5.0.0 లోపు వచ్చే ఏ కొత్త వెర్షనైనా చేరవచ్చు. అందుకే పరోక్ష ఆధారాలతో సహా ప్రతిదాని ఖచ్చితమైన వెర్షనునూ నమోదు చేసే లాక్ ఫైలును కోడుతోపాటు భద్రపరచాలి.

పట్టభద్రులారా, ఒక్క ఆదేశంతో తెచ్చుకునే ప్రతి ప్యాకేజీ వెనుక ఒక మనిషి శ్రమ, ఆ మనిషిపై పెట్టుకునే నమ్మకం ఉంటాయి. తీసుకునే ముందు దాని కోడును చదవడం, లోపం కనబడితే సరిదిద్ది తిరిగి పంపడం, అక్కరలేనిదాన్ని తీసివేయడం ఆ నమ్మకానికి తగిన నడవడి. రేపు మీ కోడుపై ఇతరులు ఆధారపడతారు. వారు నిశ్చింతగా ఆనుకోగలిగేలా రాయడమే ఈ పట్టాకు గౌరవం. మీకు విజయోస్తు.