వెలుగులో చూచిన గుడ్డు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మనము ఆలోచించబోయే సంగతి మీ పెరటిలోనే ఉన్నది. అది కోడిగుడ్డు. దీనిని గూర్చి ప్రసంగమేమిటని నవ్వకండి. గుడ్లు పొదిగించే పని తెలిసిన తల్లి దగ్గర మనము నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

పొదుగుకు వచ్చిన పెట్ట క్రింద మన పల్లెలలో పది, పన్నెండు గుడ్లు పెడతారు. ఆ ఇంటికి అవి కేవలము గుడ్లు కావు. అవి పిల్లలై, గద్దకు, పిల్లికి చిక్కకుండా పెరిగితే, కూలి దొరకని నెలలో అవే ఆధారము. బిడ్డ పుస్తకములు, అత్తగారి మందులు వాటి మీదనే. కాబట్టి ఏ గుడ్డు ఉంచాలి, ఏ గుడ్డు తీసివేయాలి అనేది ఆ తల్లికి చిన్న ప్రశ్న కాదు.

గమనించండి, పెంకు పైనుండి చూస్తే అన్ని గుడ్లూ ఒక్కటే. పిల్ల కట్టిన గుడ్డు, పుంజు కలవని గుడ్డు, మురిగిన గుడ్డు, మూడూ ఒకే గంపలో ఒకే తీరుగా కనబడతాయి. క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దములో గ్రీకు దేశపు పండితుడు అరిస్టాటిల్, పొదుగుతున్న గుడ్లను పగులగొట్టి చూచినప్పుడు కనబడే మార్పులను వ్రాసిపెట్టాడు. మూడవ రోజున రక్తపు చుక్క వలె కొట్టుకొనే గుండెను గూర్చి వ్రాశాడు. అయితే ఆ గుండెను చూచుటకు ఆ గుడ్డును పోగొట్టుకోవలసి వచ్చింది. పగులగొట్టకుండా చూచే మార్గము ఒకటి ఉన్నది. అదే వెలుగు. పూర్వము కొవ్వొత్తి ముందు పెట్టి చూచేవారు. నేడు మన చేతిలో టార్చిలైటు ఉన్నది.

ఎలా చూడాలో చెప్తాను, వినండి. రాత్రివేళ గదిలో దీపములార్పండి. ఒక అట్టముక్కకు రూపాయి బిళ్లంత రంధ్రము చేసి టార్చి మీద పెట్టండి. శుభ్రమైన, పొడి చేతులతో గుడ్డును తీసుకొని, దాని వెడల్పు కొనను ఆ రంధ్రము మీద ఆనించి, నెమ్మదిగా త్రిప్పండి. 7వ రోజున పిల్ల కట్టిన గుడ్డులో ఒక నల్లని చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్ల వలె ఎర్రని నరములు కనబడతాయి. పిల్ల కట్టని గుడ్డులో నరములుండవు, పచ్చసొన నీడ మాత్రమే కదులుతుంది. నరములు చెదిరి ఎర్రని ఉంగరము వలె ఒక గీత కనబడితే, లోపల ప్రాణము మొదలై ఆగిపోయినదని అర్థము. మరల 14వ రోజున చూస్తే బ్రతికిన గుడ్డు చాలావరకు నల్లగా నిండి, వెడల్పు కొన దగ్గర గాలి గది మాత్రమే తేటగా ఉంటుంది. రెండు మూడు నిమిషములకు మించి గుడ్డును బయట ఉంచవద్దు.

ఈ పనిలో మనుష్యులు చేసే పొరపాట్లు మూడు ఉన్నవి.

మొదటిది, తొందరపడి పారవేయుట. మూడవ రోజుననే చూచి, ఏమీ కనబడలేదు గనుక పనికిరాదని కొందరు పారవేస్తారు. తెల్లని పెంకులో త్వరగా కనబడేది, గోధుమరంగు పెంకులో ఆలస్యముగా కనబడుతుంది. లోపము గుడ్డులో లేదు, పెంకు మందములో, మన టార్చి బలములో ఉన్నది. సందేహముంటే గుడ్డు మీద పెన్సిలుతో ఒక గుర్తు పెట్టి, మూడు రోజులు ఆగి మరల చూడండి. ఇంకొక సంగతి. కోడి క్రింద బాతు గుడ్లు పొదిగించేవారు మనలో ఉన్నారు. కోడిపిల్లకు 21 రోజులు, నాటు బాతుపిల్లకు 28 రోజులు. 21 రోజులు దాటినవని "ఇవి మురిగిపోయినవి వదినా, పారెయ్" అనే పొరుగింటి మాట విన్నారా, ఇంకొక వారములో బయటికి రావలసిన ప్రాణములను మీ చేతులతోనే పారవేసినట్లు.

రెండవది, తీసివేయవలసినదానిని ఉంచుకొనుట. కష్టపడి దాచిన గుడ్డు గదా అని మనసు ఒప్పుకొనదు. కాని లోపల సూక్ష్మక్రిములు పెరిగిన గుడ్డులో వాయువు నిండుతుంది. దాని మీద తడి ఊరుతుంది, దుర్వాసన వస్తుంది. ఒకనాడు అది పగిలి, ప్రక్కనున్న మంచి గుడ్లను కూడ పాడుచేస్తుంది. వెలుగులో స్పష్టముగా చూచిన తరువాత కూడ దానిని ఉంచుకొనుట దయ కాదు. మిగిలిన పదకొండు గుడ్లకు చేసే అన్యాయము.

మూడవది, పెంకు ఒలుచుట. 18వ రోజు తరువాత గుడ్డును త్రిప్పవద్దు, వెలుగుకు పెట్టవద్దు. పిల్ల బయటికి వచ్చుటకు సరియైన స్థితిలోనికి తిరుగుచున్న సమయమది. 20, 21 రోజులలో అది ముక్కు మీదనున్న చిన్న పంటితో పెంకుకు ఒక రంధ్రము చేస్తుంది. ఆ తరువాత గంటల కొలది ఏమీ జరగనట్లు ఉంటుంది. 12 గంటలు, ఒక్కొక్కసారి 24 గంటలు పట్టవచ్చు. జాలిపడి ఆ పెంకు ఒలిచేరు సుమా! ఆ గంటలలో పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోనికి తీసుకుంటుంది, పొరలోని నరములలో రక్తమును వెనుకకు లాగుకుంటుంది. మనము ముందే ఒలిస్తే రక్తము కారి చనిపోతుంది. ఆ పచ్చసొన బలముతోనే పుట్టిన పిల్ల రెండు రోజులు మేత లేకుండ ఉండగలదు గనుక, తొందర పెట్టవలసిన అవసరమే లేదు.

నేడు అనేకులు థర్మోకోల్ పెట్టెతో ఇంటిలోనే పొదిగిస్తున్నారు. వారికి కూడ ఒక మాట. పెట్టెలో ఫ్యాను ఉంటే వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండాలి. మొదటి 18 రోజులు గాలిలో తేమ 50 నుండి 55 శాతము, చివరి మూడు రోజులు 65 నుండి 70 శాతము ఉండాలి. 18వ రోజు వరకు దినమునకు కనీసము మూడుసార్లు గుడ్లను త్రిప్పాలి, ఎందుకనగా పెట్ట తన ముక్కుతో చేసే పని అదే. వేడికి పాత తీగ బల్బు పనికివస్తుంది గాని ఎల్‌ఈడీ బల్బు చాలినంత వేడి ఇవ్వదు. అయితే గుడ్డును చూచుటకు ఎల్‌ఈడీ టార్చియే మంచిది. కరెంటు పోతే భయపడి మాటిమాటికి మూత తీయవద్దు, పైన దుప్పటి కప్పండి. మేతకు దిగిన పెట్ట కూడ కొంతసేపు గుడ్లను విడిచే ఉంటుంది. కొద్దిపాటి చల్లదనమును గుడ్డు ఓర్చుకుంటుంది గాని అధిక వేడిని ఓర్చుకొనదు. అంగడిలో కొన్న ఫారము గుడ్లు మాత్రము పెట్టవద్దు. అక్కడి పెట్టలతో పుంజులుండవు గనుక, ఎంత పొదిగినను పిల్లలు రావు.

ప్రియులారా, ఇప్పుడు మన ఇండ్ల వైపు చూడండి. పదవ తరగతి ఫలితములు వచ్చిన సాయంత్రము ఎన్ని ఇండ్లలో ఒక బిడ్డను మురిగిన గుడ్డని పిలుస్తున్నాము! అన్నకు 21 రోజులు పట్టినది, తమ్మునికి 28 రోజులు పట్టవచ్చును గదా. ఒకరి గడువుతో ఒకరిని కొలవవద్దు. అయితే కన్నబిడ్డ త్రాగుడుకు మరుగుతున్నాడని వెలుగులో కనబడిన తరువాత, ఆ అలవాటును దాచి ఉంచుట కూడ ప్రేమ కాదు. తీసివేయవలసినది బిడ్డను కాదు, ఆ అలవాటును. మరికొందరు బిడ్డ పడవలసిన ప్రతి కష్టమును తామే పడి, వాని పెంకు తామే ఒలుస్తారు. అట్టి బిడ్డ కాళ్ల మీద నిలువలేడు.

మత్తయి సువార్త 23వ అధ్యాయములో, యెరూషలేము కొరకు దుఃఖపడిన ప్రభువు తన ప్రేమకు పోలికగా సింహమును ఎంచుకొనలేదు, రెక్కలు చాపిన కోడిని ఎంచుకొన్నాడు. ఆ కోడి 21 రోజులు చేసే పని ఏమిటి? వెచ్చదనమునిచ్చుట, త్రిప్పుట, కనిపెట్టుట. పెంకును మాత్రము పిల్లకే విడిచిపెడుతుంది.

కాబట్టి ఈ రాత్రి మీ గంపలోని గుడ్లను వెలుగుకు పెట్టండి. తెలిసినదానిని తీసివేయండి. తెలియనిదానికి ఇంకొక మూడు రోజులు ఇవ్వండి. గడువు సమీపించినదానిని తాకకుండ విడిచిపెట్టండి. మీ ఇంటిలోని బిడ్డలను గూర్చి కూడ అలాగే చేయండి.

వచ్చే వారము ఇదే సమయమునకు మరల కలుసుకొందాము. అంతవరకు సెలవు.