పక్క చేనుకు ఎంతో మన చేనుకూ అంతే
(బనగానపల్లె రైతుల సభలో చేసిన ప్రసంగం)



రాళ్లు ఏరి, కంపచెట్లు కొట్టి డీకేటీ పొలాలను సాగులోకి తెచ్చుకున్నాం. ప్రభుత్వానికి భూమి కావాల్సి వస్తే మాత్రం పక్కనున్న సొంత పట్టా చేనుకు మార్కెట్ ధర కట్టేవారు. మనకేమో "సర్కారు ఇచ్చిన భూమే కదా" అని కొంత ఎక్స్‌గ్రేషియా చేతిలో పెట్టేవారు. చదవకుండా సంతకాలు పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం.

ఈ తేడా చెల్లదని చేవెళ్ల అసైన్డ్ భూముల కేసులో 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. ప్రజావసరానికి భూమి తీసుకుంటే అసైన్డ్ రైతుకూ సొంతదారుతో సమానంగా పూర్తి మార్కెట్ విలువ ఇవ్వాలంది. దీని వెనకున్న బలం రాజ్యాంగం 14వ అధికరణం. చట్టం ముందు అందరూ సమానమేనని అది చెబుతోంది. ఆ తర్వాత 2013 భూసేకరణ చట్టం భూయజమానుల లెక్కలో అసైన్డ్ భూములవాళ్లనూ చేర్చింది.

అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ తీర్పు వచ్చింది. మనం అడక్కపోతే రాజ్యాంగం తనంతట తాను మన చేను గట్టు దాకా రాదు. నోటీసు వస్తే ఒంటరిగా సంతకం పెట్టొద్దు, సంఘానికి చెప్పండి. పట్టా, పాసుపుస్తకం భద్రంగా ఉంచుకోండి. అభ్యంతరం గడువులోపే రాసిచ్చి రసీదు తీసుకోండి. పక్క చేనుకు ఎంత కడితే మనకూ అంతే కట్టమని అందరం కలిసి అడుగుదాం.