పన్ను పొడిగా ఉంటేనే ఫిల్లింగ్ నిలుస్తుంది
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాదు, బడిపంతుల్ని. అయినా పళ్ళ గురించి మాట్లాడడానికి ఒప్పుకున్నాను. ఎందుకంటే, బుగ్గ పట్టుకుని కూర్చున్న పిల్లవాడికి ఎక్కాలు తలకెక్కవు. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక వచ్చే పెద్ద దవడపన్నును చాలామంది పాలపన్నే అనుకుంటారు. అది ఊడితే మళ్ళీ రాదు. అందుకే పుచ్చితే పీకించకుండా నింపించుకోవాలి.

నింపిన ఫిల్లింగ్ కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది. కొందరికి కొన్ని నెలల్లోనే ఊడిపోతుంది. మందు నాసిరకమని మనం అనుకుంటాం. కానీ దానికి ఒక ముఖ్య కారణం ఉమ్మి.

సైకిలు పంక్చరు వేసే అబ్బాయిని గమనించండి. ట్యూబును గరుకు కాగితంతో రుద్దుతాడు, తడి లేకుండా తుడుస్తాడు, సొల్యూషన్ పూసి ప్యాచ్ అతికిస్తాడు. తడి ఉంటే ప్యాచ్ లేచిపోతుంది. పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ కూడా అంతే. ముందు ఆమ్లం పూసి కడిగితే పంటిమీద కంటికి కనిపించని గుంటలు ఏర్పడతాయి. అంటుకునే మందు వాటిలోకి దిగి, నీలి కాంతికి గట్టిపడి పట్టుకుంటుంది. మధ్యలో ఉమ్మి తగిలితే ఆ గుంటలు మూసుకుపోతాయి. అప్పుడు పైపైన తుడిస్తే చాలదు, శుభ్రం చేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

మన నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. దాన్ని ఆపడానికి బుగ్గపక్కన, నాలుక కింద దూది చుట్టలు పెడతారు. అవి తడిసిన వెంటనే మార్చాలి. సన్నని గొట్టంతో ఉమ్మిని లాగేస్తారు. అన్నిటికంటే గట్టి పద్ధతి రబ్బర్ డ్యామ్. పల్చని రబ్బరు షీటుకు బెజ్జం చేసి, అందులోంచి పన్ను ఒక్కటే పైకి వచ్చేలా క్లిప్పుతో బిగిస్తారు. పన్ను పొడిగా ఉంటుంది, చిన్న పనిముట్టు జారినా గొంతులోకి పోదు.

దీన్ని 1864లో అమెరికాలో శాన్‌ఫర్డ్ క్రిస్టీ బార్నమ్ అనే దంతవైద్యుడు కనిపెట్టాడు. అప్పట్లో పంట్లో బంగారు రేకు కూరేవారు. తడి తగిలితే రేకు మీద రేకు అతకదు. ఆయన పేటెంటు తీసుకోకుండా తన పద్ధతిని తోటి వైద్యులందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఇప్పటికీ దానివల్ల మేలు జరుగుతూనే ఉంది. సదకయె జారియా అంటే మనకు తెలిసిన అర్థం ఇదే కదా!

కరెంటు లేనిచోట ఏం చేయాలి? 1980లలో టాంజానియాలో ఒక పద్ధతి మొదలైంది. చేతి పనిముట్లతోనే పుచ్చు తీసి, గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటు పెడతారు. అది తడిని కాస్త ఎక్కువగా ఓర్చుకుంటుంది. అయినా దూది చుట్టలు తప్పవు.

దాతలకు నా మనవి ఒకటే. శిబిరం నివేదికలో ఎన్ని పళ్ళు నింపారో చూసి సంతోషిస్తాం. ఆరు నెలల తర్వాత వాటిలో ఎన్ని నిలిచాయో కూడా అడుగుదాం. ఒక్క డాక్టరుతో వంద నోళ్ళు చూపించే కంటే, పక్కన గొట్టం పట్టుకునే సహాయకులు ఒకరుండి, నలభై నోళ్ళు నిదానంగా చూడడం మేలు. దూది, రబ్బరు షీట్లు, ఉమ్మి లాగే యంత్రం ఫోటోల్లో కనిపించవు. వాటికీ మీ డబ్బు అందాలి.

తల్లులకు ఒక మాట. బిడ్డకు బెలూన్లు, రబ్బరు తగిలితే దద్దుర్లు వస్తాయా, జలుబుతో ముక్కు మూసుకుపోయిందా, ముందే డాక్టరుకు చెప్పండి. రబ్బరు పడనివారికి వేరే రకం షీట్లున్నాయి. షీటు బిగించాక ముక్కుతోనే ఊపిరి తీయాలి. ఇబ్బందైతే చెయ్యెత్తమని బిడ్డకు నేర్పండి.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక.