కొండజాతులకును స్త్రీలకును సంబంధించిన ఆచార్యపీఠము: చోడవరము మహాసభయందు చేసిన ప్రసంగము



విద్యావిషయమునుగూర్చి నాలుగు మాటలు పలుకుడని ఆహ్వానసంఘమువారు మమ్మాజ్ఞాపించిరి. వారికి మా వందనములు. మేము పలుకదలచినది వేరొకటి యుండెను గాని, నిన్నటి విషయనిర్ణయ సభలో పెద్దలొకరు లేవదీసిన ప్రశ్న మాకు రాత్రి నిదుర పట్టనీయలేదు. కావున దానికే సమాధానము చెప్పుదుము.

వారడిగినది యిది. నేడు విశ్వవిద్యాలయములయందు ఆదివాసుల విషయములను, స్త్రీపురుష భేదమువలన సంఘమున గలుగు స్థితిగతులను బోధించుటకు ఆచార్యపదవు లేర్పడుచున్నవి. మన కులమున డాక్టరు పట్టములు పొందిన యువకులు కలరు. అట్టి పదవి యొకటి మనవారికి దక్కునట్లు సంఘముపక్షమున ఒక విజ్ఞాపన మంపరాదా యని. సభ్యులు పలువురు చప్పట్లు కొట్టిరి. మేము మాత్రము మిన్నకుంటిమి.

కులసంఘము తనవారికి ఉద్యోగము కోరుట తప్పని మేమనజాలము. ఈ సంఘము పుట్టినదే అందులకు. మాకును తొలియుద్యోగము మన పెద్దల సిఫారసువలననే దొరకెను. కాని ఈ పీఠము లెక్కలకో, రసాయనశాస్త్రమునకో ఏర్పడిన పీఠమువంటిది కాదు. ఎవరినిగూర్చి ఆ శాస్త్రము పుట్టినదో వారు మనకు పొరుగువారు. చోడవరమునుండి మాడుగుల దారిన పోయినచో పాడేరు కనుమ. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదివఱకు మనమును వారును విశాఖపట్టణము జిల్లాలోనే యుంటిమి. నాడు మన చోడవరము అనకాపల్లి జిల్లాలో చేరగా, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణ మయ్యెను. బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు, వాల్మీకులు మొదలగువారు ఆ కొండలయందు కాపురముండువారు. వారి పసుపును, చింతపండును, అడ్డాకులను మన పూర్వులు సంతలలో కొనిరి. ఏ తూకముతో కొనిరో మేము చెప్పనక్కరలేదు. దళారులబారినుండి కొండవారిని కాపాడుటకే 1956లో గిరిజన సహకార సంస్థ స్థాపితమయ్యెను. 1959వ సంవత్సరపు మొదటి రెగ్యులేషనును, దానికి 1970లో వచ్చిన సవరణయు వారి భూములు మైదానమువారి వశము కాకుండుటకై పుట్టినవి. ఆ దళారులలో మన తాతలు లేరని ప్రమాణము చేయగలవారు ఈ సభలో నెవరైన గలరా?

ఇంక ఆచార్యుని యర్హత మాట. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారి 2018వ సంవత్సరపు నిబంధనల ననుసరించి ఆచార్యపదవికి డాక్టరు పట్టము, పదేండ్ల బోధన, పది పరిశోధనవ్యాసములు, శిష్యులచే పరిశోధన చేయించిన నిదర్శనము మున్నగునవి కావలయును. ఇవి యన్నియు మంచివే. కాని ఏ జనులనుగూర్చి బోధింపవలెనో వారి భాష రావలయునని అందెచ్చటను లేదు. సంస్కృతమెఱుగనివానిని వ్యాకరణపీఠమున గూర్చుండబెట్టుదుమా? కోదుల కువిభాష మన తెలుగునకు జ్ఞాతి. గుతోబు గదబల భాష యన్ననో సవరభాషవలె ముండా కుటుంబములోనిది, తెలుగుతో దానికి పొత్తు లేదు. కొండదొరల కూబి భాషనుగూర్చి భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో గ్రంథము ప్రకటించిరి. అంతకు పూర్వమే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తిగారు సవరభాష తెలిసిన యొకనిని ఇంట నుంచుకొని, ఆ భాష నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టించి, 1931లో సవరభాషా గ్రంథమును వెలువరించిరి. ఆయన ఏ విశ్వవిద్యాలయ పీఠమును కోరి యా పని చేయలేదు. మేము నేటికిని విడువలేని ఈ గ్రాంథికభాషను జీవితాంతము ఖండించిన మహనీయుడాయన. అయినను ఆయన పేరు చెప్పునపుడు మేము చేతులు జోడింపక తప్పదు.

గిడుగువారు సవరలు కారు గదా, మనవాడును అట్లే నేర్చుకొనరాదా యని మీరనవచ్చును. నిజమే. కొండలోనికి పోయి, పదేండ్లు వారి నడుమ నుండి, వారి భాషలో మాటలాడుచున్నవాడు మనలో నొక్కడున్నయెడల వానికొఱకు మేమే ముందుగా సంతకము చేయుదుము. నిన్న మేము విచారించితిమి. అట్టివా డొక్కడును లేడు.

రెండవ మాట కొంచెము చిక్కైనది, ఓపికతో వినుడు. కేంద్ర విశ్వవిద్యాలయములలో గిరిజనులకు నూటికి ఏడున్నర వంతున పదవులు ప్రత్యేకింపబడినవి. అయితే ఆ వంతును దేనిపై లెక్కింపవలయును? 2017లో అలహాబాదు హైకోర్టు శాఖ శాఖకు విడివిడిగా లెక్కింపవలెనని తీర్పు చెప్పెను. 2018 మార్చి 5వ తేదిని ధనసహాయ సంఘమువారు అట్లే యుత్తరువు పంపిరి. ఆ వరుసలో గిరిజనుల వంతు వచ్చునది 14వ స్థానమున. నలుగురైదుగురు అధ్యాపకులుండు శాఖలో 14వ స్థానమెన్నడు వచ్చును? ఆదివాసి శాస్త్రమును బోధించు శాఖలో ఆదివాసి కాలుపెట్టు వీలే లేకపోవునన్నమాట. దేశమున గొప్ప యాందోళన జరిగిన పిమ్మట 2019 మార్చిలో ఆర్డినెన్సును, జూలైలో చట్టమును వచ్చి, విశ్వవిద్యాలయమునంతయు నొక్కటిగా లెక్కించు పద్ధతి నెలకొన్నది. ఆ సంవత్సరముననే పార్లమెంటు చేసిన వేఱొక చట్టముచే మన విజయనగరమున కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయ మేర్పడెను. 2014వ సంవత్సరపు పునర్విభజన చట్టము వాగ్దానము చేసిన సంస్థలలో అదియొకటి. ఇంత పోరాటముచే తెఱవబడిన తలుపుకడకు మనము సిఫారసుచీటి పట్టుకొని పోవుట న్యాయమా?

ఇంకొకటి చెప్పుటకు నాలుక వెనుదీయుచున్నది. అయినను చెప్పెదము. దొంగ కులపత్రములతో గిరిజనుల పదవుల నాక్రమించువా రున్నందుననే సుప్రీముకోర్టు 1994లో మాధురీ పాటిల్ వ్యాజ్యమున పరిశీలన సంఘముల నేర్పాటు చేయించెను. ఇది మనదేశపు జాడ్యము మాత్రమే కాదు. కెనడా దేశమున 2021లో, ఆదివాసి వంశీయురాలనని చెప్పుకొన్న ఆచార్యురాలొకర్తె మాటకు ఆధారములు కానరాలేదని పత్రికలు వెల్లడింపగా, తుదకామె పదవి విడువవలసివచ్చెను. న్యూజీలాండు దేశమున మావోరి స్త్రీయే యైన లిండా తుహివాయి స్మిత్తు 1999లో రచించిన గ్రంథమున, పరిశోధన యను మాటయే తమ జనులకు ఎందుల కసహ్యమైనదో వివరించినది. బయటివారు వచ్చి, కొలిచి, వ్రాసికొని పోయిరి. ఉన్నవారికి మిగిలినది లేదు. మన కొండలకథయు ఇంచుమించు అట్టిదే.

అమ్మలారా, ఈ మాట విశేషించి మీకొఱకు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టమువలన మన యాడుబిడ్డలకు ఆస్తిలో హక్కు గలిగెను. 2005లో అది మఱింత బలపడెను. ఆ చట్టము రెండవ సెక్షనులోనే, కేంద్రప్రభుత్వము ప్రకటించిననే తప్ప గిరిజనులకు వర్తింపదని యున్నది. కనుక పాడేరు కొండలలోని కూతురికి తండ్రిభూమిలో పాలున్నదా లేదా యనునది వారి యాచారమును బట్టి తేలవలసినది. 2025 జూలై 17వ తేదిని సుప్రీముకోర్టు, ఛత్తీస్‌గఢ్ గోండు స్త్రీ వారసుల వ్యాజ్యమున, స్త్రీకి పాలు లేదను ఆచారము రుజువు కానిచో, ఆమెకు సమానభాగము నిరాకరింపరాదని తీర్పు చెప్పినది. మరి కోదుల యాచారమేది? బగతల యాచారమేది? ఊరిపెద్ద యొకటి చెప్పును; ఆతని భార్య పొయ్యికడ కూర్చుండి మఱొకటి చెప్పును. ఆ రెండవ మాటను వినగలిగిన వ్యక్తియే ఈ పీఠమునకు ఆచార్యురాలు. మగవాడు, అందునను మైదానమువాడు, దుబాసీని వెంటబెట్టుకొని పోయి వినునది మొదటి మాట మాత్రమే. (ఈ వేదికమీద కూర్చున్నవారిలో స్త్రీలెందఱో లెక్కించిన, మన యాచారముగూడ కొంత తెలియగలదు.)

ఇంత చెప్పుటకు మాకేమి యర్హతయని మీరడుగకముందే ఒక తప్పు నొప్పుకొందుము. మేము పనిచేసిన యొక పాఠశాలకు కొండనుండి యొక పిల్ల వచ్చినది. వసతిగృహమున నుండి చదువుకొనుచుండెను. "మా యిల్లు" అను వ్యాసమున ఆమె ఇంటిలోని యొక వస్తువునకు తన భాషాపదమే వ్రాసినది. తెలుగుమాట దానికి లేదు కాబోలు. మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, తరగతిలో చదివి వినిపించి, ఇది యే నిఘంటువులోని శబ్దమని యడిగితిమి. పిల్లలందఱు నవ్విరి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన పిల్ల మఱల రాలేదు. ఆమె రాకపోవుటకు కారణము మేమేనని నిశ్చయముగా చెప్పలేము; కాదనియు చెప్పలేము. ఆ పదమేదో నేడు మాకు జ్ఞప్తిలేదు. ఎఱ్ఱగీత మాత్రము కన్నులకు గట్టినట్లున్నది. ఆమె చదువు సాగియున్నచో నేటి కామెకు నలువదియేండ్లు దాటియుండును. ఆచార్యపదవికి తగిన వయస్సు.

పత్రికలో ప్రకటన వచ్చిన దినమున ఆచార్యురాలు పుట్టదు. ఆమెను ఆఱవ తరగతినుండి కాపాడుకొని రావలయును. ఆంధ్ర విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర శాఖ కలదు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేర మహిళా అధ్యయన కేంద్రమును కలదు. విజయనగరమున గిరిజన విశ్వవిద్యాలయమున్నది. చదువుటకు చోటున్నది, అంతదూరము చేరుటకు దారిబత్తెము లేదు. మన విద్యానిధినుండి నేటివఱకు మన కులమువారికే వేతనము లిచ్చుచున్నాము. అట్లే యిండు, మేము కాదనము. ఆ నిధి వడ్డీలో నాల్గవ పాలు మాత్రము వేఱుచేసి, పాడేరు, మాడుగుల ప్రాంతముల కొండపిల్ల యొకర్తెకు, ఏ కులనిబంధనయు లేకుండ, డాక్టరు పట్టము వచ్చువఱకు వేతనముగా నీయవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. నిన్న తలపెట్టిన విజ్ఞాపనమును ఉపసంహరింపవలెననునది దీనితోడి రెండవ తీర్మానము.

మా పింఛనునుండి తొలి సంవత్సరపు పుస్తకముల ఖర్చు మేమిచ్చెదము. కార్యదర్శిగారు వ్రాసికొందురు గాక. తీర్మానమును బలపఱచువారు దయచేసి లేచి నిలువుడు. మొదట స్త్రీలవైపునుండి పిలువవలసినదిగా అధ్యక్షులవారిని కోరుచున్నాము.